కుండ మూత

మేలా శరణార్థి శిబిరం, సి సెక్షన్
2012 ఫిబ్రవరి 14

లా సే వదినకు,

అన్నం తిన్నారా? మేం తిన్నాం.

నువ్వు సముద్రం అవతలి నుంచి పంపిన ఫోటో అందింది. కొత్త సంవత్సరం పండక్కి తీసింది ఇప్పటికి చేరింది, కవరు మీద ఎవరి టీ మరకో కూడా ఉంది. ఫోటో వచ్చిందని తెలిసి వీధి వీధంతా మా గుడిసెలోకి దిగింది. పక్క గుడిసె డే డే వాళ్ళమ్మ కళ్ళజోడు తెచ్చుకుని మరీ చూసింది. "మీ అన్నయ్య ఇంటి గోడ చూడవే, ఒక్క వెదురు చీలిక కూడా లేదు" అని నోరెళ్ళబెట్టింది.

పిల్లలు ముగ్గురికీ బూరెబుగ్గలొచ్చాయి. అన్నయ్యకు బొజ్జ వచ్చింది. నీకు కొత్త స్వెట్టరు వచ్చింది. మా అమ్మకేమొచ్చింది వదినా?

వెనకాల బీరువా నిండా, కిందినుంచి పైదాకా తిండి డబ్బాలు. వాటి ముందు మా అమ్మ, మెడ కింద రెండు గుంటలతో. ఒంటి మీద ఉన్న చొక్కా నేను నేసి ఇచ్చిందే. నా మగ్గం మీద నేసినదాని కొలత నాకు తెలుసు. అది భుజం మీంచి జారిపోతోంది.

ఆడపడుచు అర్ధమొగుడంటారు. నీ మొగుడు ఎలాగూ అడగడు గనక ఆ మిగతా సగం నేను అడుగుతున్నాను. అమ్మకు ఏం పెడుతున్నావు? సరదాకే అంటున్నానులే. కానీ జవాబు మాత్రం సరదాగా రాయకు.

ఇక్కడ అంతా మామూలే. కొండ మీద ఎండుటాకులు కాలుతున్నాయి, రోజంతా కళ్ళు మండుతున్నాయి. మా అమ్మాయి ఎ వా బడిలో ఇంగ్లీషు పాట నేర్చుకుని మా ఆయన్ని నిద్రపోనివ్వడం లేదు. బియ్యం వస్తున్నాయి. బెంగ పడకండి.

నీ ఆడపడుచు
ఖూ పో


సెయింట్ పాల్
2012 మార్చి 20

ఖూ పో,

తిన్నావా? మేం తిన్నాం. కడుపు నిండా తిన్నాం. ఆ మాట రెండుసార్లు చదువుకో.

నీ ఉత్తరం మీ అన్నయ్యకు చదివి వినిపిస్తే నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ డబ్బాల సంగతి చెప్తాను విను. అవి చర్చివాళ్ళు ఊరికే ఇచ్చినవి. సగం వాటిలో చిక్కుడు గింజలు, పాకంలో ఉడకేసినవి. నిజంగానే, బెల్లప్పాకంలాంటి దాంట్లో. మొదటిసారి నోట్లో పెట్టుకుని మీ అమ్మ, "ఇది వండినావిడకి ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది. ఆ తర్వాత ఎవరం ముట్టలేదు. శిబిరంలో ఇచ్చిన ఆ కలగలుపు పిండిని మనం పందులకి పోసేవాళ్ళం, గుర్తుందా? ఇక్కడ పందిని పెంచుకోనివ్వరు, అదొక్కటే తేడా. మీ అమ్మ ఆ డబ్బాలన్నీ రంగుల వారీగా పేర్చి రోజూ తుడుస్తుంది. ఫోటోకి అక్కడే నిలబడతానని పట్టుబట్టింది కూడా ఆవిడే. "మనవాళ్ళు చూసి సంతోషిస్తారు" అంది. మీరు ఎంత సంతోషించారో తెలిసింది.

ఇక తిండి. అందరికీ ఆవిడే వడ్డిస్తుంది. గరిటె నా చేతికి ఇవ్వదు. "మీరు తిన్నారా అత్తయ్యా?" అంటే "తిన్నాను, పొయ్యి దగ్గరే తినేశాను" అంటుంది. రోజూ అడుగుతాను. రోజూ అదే జవాబు. ఇంకేం చెయ్యమంటావు, నోరు తెరిచి చూడనా?

మీ అన్నయ్య టర్కీ కోళ్ళ ఫ్యాక్టరీలో తెల్లారకముందే చేరి రోజంతా కోస్తాడు. అక్కణ్ణుంచి ఇంటికి వాసన తప్ప ఇంకేమీ రాదు. నేను మిరపకాయలు కాల్చినప్పుడల్లా ఇంటి కప్పు కేకలు పెడుతుంది, పొగ వస్తే అరిచే యంత్రం ఒకటి బిగించారు. కింది ఇంటివాళ్ళు గుమ్మంలోకొచ్చి నిలబడతారు. అందుకని ఇప్పుడు మిరపకాయలు కిటికీ బయట చెయ్యిచాచి కాలుస్తున్నాను, మంచులో.

అత్తయ్య గోంగూర గోంగూర అని కలవరిస్తోంది. చర్చి వెనక కూరలు వేసుకోవడానికి కాస్త నేల ఇస్తామన్నారు. ఎర్ర కాడ రకం గింజలు కాసిని పంపు. అర్ధమొగుడు హోదాలో ఆ ఒక్క సాయం చెయ్యి.

లా సే


మేలా
2012 మే 9

లా సే వదినకు,

మేం తిన్నాం. మీరు తిన్నారా అని అడగడం దండగ, ఏమంటావో తెలుసు.

డే డే వాళ్ళమ్మకి ఒక చెల్లెలుంది, మీ ఊళ్ళోనే ఉంటోందట. నిన్న ఫోన్లో మాట్లాడింది. మా అమ్మను రైలు పట్టాల పక్కన చూసిందట. ప్లాస్టిక్ సంచి పట్టుకుని వంగి ఆకులు ఏరుకుంటోందట. ఆ మాట డే డే వాళ్ళమ్మ నాకు ఒక్కదానికే చెప్పి ఊరుకుంటుందా? నీళ్ళ పంపు దగ్గర వరసలో నిలబడ్డవాళ్ళందరి ముందూ చెప్పింది. నేను బిందె అక్కడే వదిలేసి వచ్చేశాను.

ఇక్కడ మా అమ్మ కొండెక్కి ఆకులు ఏరుకుంటే అది వంట. మీ ఊళ్ళో రైలు పట్టాల పక్కన ఏరుకుంటే దాన్నేమంటారో నువ్వే చెప్పు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే ఇదే. స్వెట్టర్లేసుకుని ఫోటోలు దిగుతారు, ముసలిదానికి ముద్ద పెట్టరు.

పట్టెడన్నం పెట్టడం బరువైతే అమ్మను తిరిగి పంపించెయ్యి. ఎలా పంపాలో నాకు తెలియదు, పంపేవాళ్ళను నువ్వే వెతుకు. ఇక్కడ మేం శుభ్రంగా తింటున్నాం. మా కుండలో ఇంకో గిన్నెడు పోసినా మాకు బరువు కాదు. అన్నయ్యని స్వయంగా రాయమను. నీ చేతిరాత చూస్తేనే నాకు మండుతోంది.

గింజలు పంపను. ముందు అమ్మకు అన్నం పెట్టు, గోంగూర తర్వాత చూద్దాం.

ఖూ పో


సెయింట్ పాల్
2012 జూన్ 17

ఖూ పో,

మీ అన్నయ్య రాయడు. ఫ్యాక్టరీ నుంచి వచ్చాక అతని వేళ్ళు కలం పట్టుకోవు, వంకర్లు పోతాయి. అంచేత నా చేతిరాతే చదువుకో, మండితే మండనీ.

అవును, ఏరుకుంటోంది. నేనూ వెళ్ళి ఏరుకొచ్చాను. ఎందుకో చెప్తాను, ఇది కూడా తీసుకెళ్ళి నీళ్ళ పంపు దగ్గర చదువు.

ఇక్కడ మాకు సర్కారు ఇచ్చిన తిండి కార్డు అని ఒకటుంది. దాంతోనే సరుకులు తెచ్చుకుంటాం. శీతాకాలం పండగలకు టర్కీలకి గిరాకీ ఎక్కువని మీ అన్నయ్య చేత రోజూ అదనపు గంటలు చేయించారు. ఎక్కువ సంపాదించారు కదా అని కార్డులో కోత పెట్టారు. పండగలు అయిపోయాయి, అదనపు గంటలు పోయాయి, కోత మాత్రం ఉండిపోయింది. ఆఫీసుకి ఫోన్ చేస్తే పాట వినిపిస్తారు. ఆ పాట పిల్లలకి కూడా వచ్చేసింది. నాతో మాట్లాడే మనిషి మాత్రం ఇంతవరకు రాలేదు. నెల చివరి వారం వచ్చేసరికి డబ్బాలో బియ్యం ఉండవు.

చర్చిలో ఎవరో చెప్పారు, తిండికి కటకటలాడే ఇళ్ళకి వారం వారం సరుకుల సంచులిచ్చే సంఘం ఒకటుందని. నేనే వెళ్ళి అడిగాను, ఎంత సిగ్గుపడి అడిగానో నీకు చెప్పినా అర్థం కాదు. చూడటానికి ఒక అమ్మాయి ఇంటికొచ్చింది. మన మాట ఆ అమ్మాయికి చెప్పడానికి మన పాస్టరు గారి భార్య వెంట వచ్చింది.

వాళ్ళు మెట్లెక్కుతుంటేనే మీ అమ్మ బియ్యం డబ్బా అడుగు గీకింది. ఆదివారానికని నేను దాచిన కోడి ముక్కలు బయటికి తీసింది. "అత్తయ్యా, ఇవాళ వద్దు, ఆ అమ్మాయి తినడానికి రాలేదు" అని చెవిలో చెప్పాను. "ఇంటికొచ్చిన మనిషిని ఖాళీ కడుపుతో పంపుతావా? ఎక్కడ పెరిగావు నువ్వు?" అంది.

ఆ అమ్మాయి కూర్చుంది. మంచి పిల్లే. "ఈ నెలలో ఎప్పుడైనా తిండి చాలక పూట మానుకున్నారా?" అని అడిగింది. పాస్టరు గారి భార్య అది మన మాటలో చెప్పింది. పెద్దావిడ కదా అని మీ అమ్మనే అడిగింది. మీ అమ్మ చేతిలో గరిటె పట్టుకుని, "తిన్నాం, తిన్నాం. మీరూ తినండి, చల్లారిపోతోంది" అంది. అన్ని ప్రశ్నలకీ అదే. నేను నోరు తెరవబోతే తొడ మీద గిల్లింది. తర్వాత నన్నూ అడిగారు. అతిథి ఎదుట, అత్తగారి పక్కన కూర్చుని ఏమనాలి? నేనూ తిన్నామనే అన్నాను.

ఆ అమ్మాయి కోడికూర బాగుందని మెచ్చుకుంది. డబ్బాల బీరువా కేసి చూసి నవ్వింది. వారం పోయాక ఫోన్ వచ్చింది, మాకంటే అవసరంలో ఉన్న ఇళ్ళు చాలా ఉన్నాయట.

పాస్టరు గారి భార్యను చర్చి మెట్ల మీద పట్టుకున్నాను. "మీరు మన మనిషే కదా. మనం తిన్నామంటే ఏమిటో మీకు తెలియదా?" అన్నాను. "తెలుసమ్మా. తెలిసినా మీ నోటితో అన్నదే నేను చెప్పాలి. అది నా పని" అంది. ఆవిడ మీద కోపం తెచ్చుకోవాలో వద్దో నాకింకా తేలలేదు.

ఆ సాయంత్రం మాకు మిగిలింది ఆ అతిథి వదిలిన పులుసు. అది పిల్లలకి పెట్టి మీ అమ్మ పొయ్యి దగ్గర నిలబడి, "నేను తిన్నాను" అంది. అప్పుడు అర్థమైంది నాకు, ఇన్నాళ్ళూ ఏం తిన్నదో.

తీసుకెళ్ళు మీ అమ్మని. ఏ దారిన తీసుకెళ్తావో చూస్తాను.

లా సే


మేలా
2012 ఆగస్టు 21

లా సే వదినకు,

నీ ఉత్తరం చదివి పొయ్యిలో పెడదామనుకున్నాను. వానలకు కట్టెలు తడిసిపోయి మంట రాలేదు. అందుకని మళ్ళీ చదివాను.

నిన్ను అన్న మాటలు కొన్ని వెనక్కి తీసుకుంటున్నాను. అన్నీ కాదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు గానీ, అమ్మకు పెట్టాల్సి వచ్చినప్పుడు అడిగి పెడతారా ఎవరైనా? తిన్నావా అంటే తిన్నానంటారు. అది నమస్కారానికి నమస్కారం. దాన్ని పట్టుకుని నువ్వు నెలల తరబడి నమ్ముకుంటూ కూర్చున్నావా? నిన్ను అని ఏం లాభంలే, నువ్వు శిబిరం హాస్టల్లో పెరిగిన పిల్లవి. గంట కొట్టాక కంచం పట్టుకుని వెళ్ళడమే గానీ, ఇంటి కుండ నీకేం తెలుసు.

మా ఊరు తగలబడకముందు మా నాన్న పొలం నుంచి వచ్చీ రాగానే ఏం చేసేవాడో చెప్తాను. అమ్మను తిన్నావా అని ఒక్కనాడూ అడగలేదు. తిన్నగా పొయ్యి దగ్గరికెళ్ళి కుండ మూత తీసి చూసేవాడు. అడుగున ఎంతుందో చూసి, అమ్మ తిన్నదో లేదో తెలుసుకుని, తన గిన్నెలోంచి తీసి ఆమె గిన్నెలో వేసేవాడు. ఆమె గట్టిగా తిట్టేది, అయినా ఆమె తినేదాకా ఆయన కదిలేవాడు కాదు. మా మేనమామలు ఇంటికొచ్చినా అంతే, ముందు మూత తీసేవాళ్ళు. అయినవాళ్ళు తీస్తారు. పరాయివాళ్ళ ఎదుట మాత్రం ఎవరూ తీయరు, తీస్తే ఆ ఇంటి పరువు పోయినట్టే.

కాబట్టి అడగడం మానెయ్యి. మూత తియ్యి. ఆమె ఎదురుగా కూర్చో. అన్నయ్యకు తీరకపోతే నువ్వే కూర్చో.

గింజలు పంపుతున్నాను, ఈ ఉత్తరంలోనే మడత పెట్టాను. ఎర్ర కాడవి. మీ చలికాలం లోపల మొలుస్తాయో లేదో, నా మొండితనం వల్ల అదను దాటిపోయిందేమో.

ఇక్కడ అంతా మామూలే. మేం తిన్నాం.

ఖూ పో


సెయింట్ పాల్
2012 అక్టోబరు 28

ఖూ పో,

మీ అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. నీ సలహా పాటించినందుకే.

గింజలు వేశాను. నాలుగాకులు వేశాక మంచు కురిసి మాడిపోయాయి. ఆ సంగతి అలా ఉంచు.

నేను కాళ్ళావేళ్ళా పడితే పాస్టరు గారి భార్య ఆ సంఘం అమ్మాయిని మళ్ళీ తీసుకొచ్చింది. ఈసారి డబ్బాలో గీకడానికి కూడా బియ్యం లేవు. నేను నిశ్చింతగా ఉన్నాను, ఇక వండేదేముంది అని. తీరా చూస్తే మీ అమ్మ కింది ఇంటికెళ్ళి, మిరప పొగకి గుమ్మంలోకొచ్చి నిలబడేవాళ్ళ దగ్గరికే, సైగలు చేసి బియ్యం అరువు తెచ్చింది. అతిథికి వండిపెట్టడానికి. తిండి లేదని చెప్పుకోవడానికి పిలిచిన మనిషికి అరువు బియ్యం వండి పెడుతుంటే నేను గోడకేసి తల కొట్టుకోవాలా, నవ్వాలా?

ఆ అమ్మాయి మళ్ళీ అవే ప్రశ్నలు అడిగింది. మీ అమ్మ మళ్ళీ "తిన్నాం, తిన్నాం" అంది. నేను లేచాను. ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళి బియ్యం డబ్బా మూత తీశాను. అతిథికి వడ్డించేయగా ఖాళీ అయిన అన్నం కుండ మూత తీశాను. ఫ్రిజ్ తలుపు తీశాను. పాస్టరు గారి భార్యకు తిరిగి చెప్పడానికి ఏమీ లేక గుమ్మంలో నిలబడి కళ్ళొత్తుకుంది. డబ్బా అడుగున మీ అమ్మ గీకిన గరిటె గీతలు తప్ప ఇంకేమీ లేవు.

పరాయివాళ్ళ ఎదుట తీయకూడదని నువ్వు రాసిన మాట నాకు గుర్తు లేక కాదు. మీ అమ్మ తువ్వాలు తలమీద కప్పుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. వాళ్ళు వెళ్ళేదాకా తిరగలేదు.

సంచులు వస్తున్నాయి. మన బియ్యం కావు, ఎంత ఉడికినా ఒకదానికొకటి అంటుకోవు. అయినా బియ్యం. ఆవిడే వండుతుంది, ఆవిడే వడ్డిస్తుంది, నాతో పలకదు. నేను మూత తీసి, ఆమె గిన్నెలో వేసి ఎదురుగా కూర్చుంటాను. ఆమె ఆ గిన్నె మా చిన్నదాని వైపు జరుపుతుంది. నేను వెనక్కి జరుపుతాను. మొన్న ఇలాగే లాగులాడుతుంటే గిన్నె బోర్లాపడింది. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇప్పుడు బియ్యం ఉన్నాయి కదా, ఇంకా ఎందుకు మానుతున్నారు?" అని అరిచాను.

అప్పుడు పలికింది. "ఖూ పో తిన్నానని రాస్తుంది. ఆ మాట దానికి నేర్పింది నేనే" అంది. కింద పడ్డ మెతుకులు ఏరుతూ, "అది తినని పూట నాకెలా దిగుతుంది" అంది.

శిబిరం నుంచి గత వారం ఒక కుటుంబం దిగింది. మీ వీధి చివరివాళ్ళే. వాళ్ళను అడిగాను. ఇచ్చే బియ్యం తగ్గించారటగా. మీ ఆయన మొక్కజొన్న చేలల్లో పనికి కంచె దాటి కాపలావాళ్ళకి దొరికితే, పట్టుకొచ్చి మళ్ళీ లోపల పడేశారటగా. ఎ వా బడిలో ప్రార్థనకి నిలబడలేక కూర్చుండిపోతోందటగా. శుభ్రంగా తింటున్నాం, అమ్మను పంపించెయ్యి అని రాసిన మహాతల్లివి నువ్వు.

నాకు నీతులు చెప్పావు. నీ కుండ మూత ఇక్కణ్ణుంచి నా చేతికి అందదు. నువ్వే తియ్యి.

లా సే


మేలా
2012 డిసెంబరు 3

వదినా,

తినలేదు.

ఈ మాట రాయడానికి రెండు రోజులు పట్టింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడనీ.

పొద్దున కుండలో నిన్నటి జావ అడుగున కాస్త ఉంది. అది ఎ వాకి పోశాను. మా ఆయన వెదురు పిలకల కోసం కొండెక్కాడు, ఈ కాలంలో పిలకలెక్కడివి. నేను నీళ్ళు తాగి నీకు రాస్తున్నాను. చాలా ఇళ్ళల్లో ఇంతే. డే డే వాళ్ళింట్లోనూ ఇంతే, అయినా నీళ్ళ పంపు దగ్గర మేమిద్దరం "తిన్నావా" "తిన్నాను" అనుకుంటూనే ఉన్నాం. మా వీధి కబుర్లు మోసినవాళ్ళకి దణ్ణం పెట్టానని చెప్పు, వాళ్ళని తిట్టింది కూడా నేనేనని చెప్పు.

నువ్వు ఏదో పంపుతావని ఇది రాయడం లేదు. నీకూ లేదని తెలుసు. ఇన్నాళ్ళూ మనిద్దరం ఒకరికొకరం లేని అన్నం వడ్డించుకుంటూ, నువ్వు పెట్టలేదంటే నువ్వు పెట్టలేదని కొట్టుకున్నాం. నాకు అలుపొచ్చింది.

ఈ ఉత్తరం అమ్మకు గట్టిగా చదువు. మొదటి మాట రెండుసార్లు చదువు. నేను దాచడం లేదని చెప్పు, ఇక ఆమె నా అబద్ధం కనిపెట్టి పస్తుండక్కర్లేదని చెప్పు. ఆమె మానిన ముద్ద సముద్రం దాటి నా గిన్నెలో పడదు. పడేదే అయితే మానమనేదాన్ని.

నువ్వు పరాయి మనిషి ఎదుట మూత తీసినందుకు నేను సిగ్గుపడలేదు. అది కూడా ఆమెకు చెప్పు.

ఖూ పో


సెయింట్ పాల్
2013 జనవరి 11

ఖూ పో,

మీ అమ్మ చెప్తోంది, నేను రాస్తున్నాను. నా మాట ఒక్కటీ కలపలేదు.

లా సే

అమ్మాయీ,

నీ ఉత్తరం విన్నాను. తినలేదన్నావు. నేనూ తినలేదు. పోయిన ఏడు నుంచీ సరిగా తినలేదు.

ఇప్పుడు తింటున్నాను. మీ వదిన ఎదురుగా కూర్చుంది, లేవనివ్వడం లేదు. ముద్ద దిగడం లేదు గానీ దింపుతున్నాను. ఈ బియ్యం బాగోలేవు. వీటికి ఉప్పు పట్టదు. ఎ వాని బడిలో నిలబడలేకపోతే కూర్చోమను, సిగ్గుపడొద్దను.

మీ వదిన చేసిన పని నేను మర్చిపోను. మీ నాన్న ఉంటే ఆయనా తీసేవాడేమో, పరాయి మనిషి ఎదుటైనా, ఆ మూత.

ఆ పిల్ల వచ్చే వారం మళ్ళీ వస్తుందట, సంచులు కొనసాగించాలో లేదో అడగడానికి. ఈసారి నన్నే చెప్పమంటున్నారు. వీళ్ళంతా పడుకున్నాక, లేచి ముందు గదిలో కూర్చుని నేర్చుకుంటున్నాను. తినలేదు, తినలేదు అని. ఇంత ముసలిదాన్నయ్యాక నోరు తిరగడం లేదు.

అమ్మ